ఎలిగేటర్ వేటకు ఎక్కడికి వెళ్లాలి? ఫ్లోరిడా, లూసియానా, మరికొన్ని రాష్ట్రాల పోలిక

ఎలిగేటర్ వేటకు వెళ్లాలనుకునేవారిలో ఎక్కువమంది మొట్టమొదట అడిగేది, అన్నిటికన్నా పెద్ద జంతువులు ఏ రాష్ట్రంలో దొరుకుతాయని. అక్కడ మొదలుపెడితే ఎంపిక దారి తప్పుతుందని నా గట్టి నమ్మకం. 12 అడుగులు దాటినది ఎక్కడైనా అరుదే. అది ఎదురుపడటం మీ అదృష్టం మీదా, ఆ నీటిని ఎరిగినవారి అనుభవం మీదా ఆధారపడుతుంది గానీ రాష్ట్రం పేరు మీద కాదు. రాష్ట్రం మారితే నిజంగా మారిపోయేవి వేటకు అనుమతి చేతికి వచ్చే తీరు, జంతువును పట్టే పద్ధతి. ఈ రెండింటిలో మీకు ఏది సరిపడుతుందో తేల్చుకున్నాకే ఊరి పేరు వెతకడం మంచిది.

ముందుగా ఒక మాట. తెలుగులో మొసలి అన్నది ఈ జాతులన్నిటికీ చెల్లే పేరు కనుక, ఎలిగేటర్ అనగానే సంగారెడ్డి దగ్గర మంజీరలో ఎండకు ఒళ్లు కాచుకునే మొసలి మనకు గుర్తుకొస్తుంది. అది మగ్గర్ జాతిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. దాన్ని వేటాడటం జైలుకు పంపే నేరం. ఎలిగేటర్లలో ప్రపంచం మొత్తం మీద ఉన్నవి రెండే జాతులు. చైనాలోది అడవిలో దాదాపు కనుమరుగయ్యే స్థితికి చేరింది. కాబట్టి చట్టబద్ధమైన ఎలిగేటర్ వేట అంటే అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలే, అంటే టెక్సాస్ తీరం నుంచి ఉత్తర కరొలైనా వరకు ఉన్న చిత్తడి నేలలూ, నదులూ, సరస్సులే. అక్కడ కూడా ఒకప్పుడు చర్మం కోసం విచ్చలవిడిగా చంపడంతో 1967లో ఈ జంతువును అంతరించే ప్రమాదం ఉన్నవాటి జాబితాలో చేర్చవలసి వచ్చింది. రక్షణ ఫలించి, పూర్తిగా కోలుకుందని 1987లో ప్రకటించారు. నేటి వేట ఆ రక్షణ ఏర్పాటులోనే ఒక భాగం. చంపిన ప్రతి జంతువు తోకకూ, వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం వరుస సంఖ్య ఉన్న ట్యాగ్ ఒకటి బిగించాలి. ఆ ట్యాగ్ మీకు ఎవరి నుంచి వస్తుందన్నదే రాష్ట్రాల మధ్య ఉన్న మొదటి తేడా.

ఫ్లోరిడా, జార్జియా, దక్షిణ కరొలైనా వంటి చోట్ల ప్రజా జలాలలో వేటకు ట్యాగులను ప్రభుత్వం లాటరీ ద్వారా వేటగాడికే ఇస్తుంది. లూసియానాలోనూ, టెక్సాస్ తీర ప్రాంతంలోనూ ట్యాగులు ప్రధానంగా భూమిని అనుసరించి వస్తాయి. ఎవరి చిత్తడి నేల ఎంత ఉందో, అందులో ఎన్ని ఎలిగేటర్లు బతకగలవో లెక్కగట్టి భూ యజమానులకు ఇస్తారు. మొదటి పద్ధతిలో అదృష్టమూ ఓపికా కావాలి. రెండో పద్ధతిలో పరిచయమో, గైడుకు చెల్లించే డబ్బో కావాలి.

బయటి రాష్ట్రాలవారికి తలుపు విశాలంగా తెరిచినది ఫ్లోరిడా. అక్కడ సుమారు 13 లక్షల ఎలిగేటర్లు ఉన్నాయని అంచనా. 1988 నుంచి ప్రజలకు వేట కార్యక్రమం ఏటా నడుస్తోంది. ఏటా 7,000కు పైగా పర్మిట్లు ఇస్తారు. 18 ఏళ్లు నిండినవారు ఎవరైనా, ఏ రాష్ట్రంవారైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక పర్మిట్‌కు రెండు ట్యాగులు, అంటే రెండు ఎలిగేటర్లు. ఫ్లోరిడా నివాసికి మొత్తం రుసుము 272 డాలర్లయితే, బయటివారికి 1,022 డాలర్లు. ఈ తేడా చూసి వెనుకడుగు వేసేవారికి నేను చెప్పేది ఒకటే. ఫ్లోరిడాలో ఉండే స్నేహితుడికి పర్మిట్ వస్తే, అతని పడవలో మీరు సహాయకుడి లైసెన్సుతో పాల్గొనవచ్చు. దానికి అయ్యేది 50 డాలర్ల పైచిలుకు మాత్రమే. టాంపా, ఒర్లాండో, జాక్సన్‌విల్‌లలో మనవారు ఇంతమంది ఉండగా, మొదటిసారికి ఇంతకన్నా చౌకైన, తెలివైన దారి నాకు కనిపించదు. ఏ లైసెన్సూ లేకుండా పడవలో కూర్చుని చూడటానికి కూడా అభ్యంతరం లేదు. అయితే తాడు మీద చెయ్యి వేస్తే పాల్గొన్నట్టే లెక్క అని గుర్తుంచుకోవాలి.

ఫ్లోరిడా పర్మిట్లలో కొత్తవారు పొరపడే చోటు ఒకటుంది. కొన్ని పర్మిట్లు ఒకే సరస్సుకో, ఒకే నది భాగానికో పరిమితం. మరికొన్ని జిల్లా వంటి కౌంటీ అంతటికీ చెల్లుతాయి. కౌంటీ పర్మిట్ విన్నప్పుడు విశాలంగా అనిపిస్తుంది గానీ, ఆ కౌంటీలో ప్రత్యేక పర్మిట్ ఉన్న పెద్ద సరస్సులో అది చెల్లదు. చివరికి చిన్న కాలువలూ, చెరువులూ వెతుక్కుంటూ తిరగవలసి వస్తుంది. కిసిమ్మీ, ఓకీచోబీ, జార్జ్ సరస్సుల పేర్లు విని వచ్చేవారు ఆ సరస్సు పేరుతో ఉన్న పర్మిట్‌నే కోరుకోవాలి. వారాల విషయంలో కూడా ముందుచూపు అవసరం. ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 12 వరకు నాలుగు విడతలుగా, ఒక్కో పర్మిట్‌కు ఒక్కో వారం కేటాయిస్తారు. ఆ వారంలో ట్యాగులు మిగిలిపోతే సెప్టెంబరు 12 నుంచి నవంబరు 1 వరకు అందరికీ ఉన్న ఉమ్మడి గడువులో వాడుకోవచ్చు. తొలి వారానికే అందరూ ఎగబడతారు. నాకైతే చివరి విడత మేలనిపిస్తుంది, ఎందుకంటే ఆ వారం ముగిసిన వెంటనే ఉమ్మడి గడువు మొదలవుతుంది కనుక సెలవు ఒకేసారి పెట్టుకుని తొందర లేకుండా వేటాడవచ్చు.

ఇక పద్ధతి. ఫ్లోరిడా ప్రజా వేటలో తుపాకీతో దూరం నుంచి కాల్చడం నిషేధం. ఈటె, బాణం, ఎర లేని గాలం, ఉచ్చు వంటి వాటితో ముందు జంతువుకు తాడు తగిలించాలి. అది మీ అధీనంలోకి వచ్చాకే బ్యాంగ్ స్టిక్ ఉపయోగించాలి. పొడవాటి కర్ర కొసకు తూటా అమర్చి, తలకు ఆనించి నొక్కితే పేలే సాధనం అది. ఈ నియమం కాగితం మీద చదివితే కష్టపెట్టేదిగా తోస్తుంది. కిసిమ్మీ సరస్సు మీద ఒక రాత్రి ప్రేక్షకుడిగా పడవలో కూర్చున్నాక దాని విలువ నాకు బోధపడింది. తలకు కట్టుకున్న దీపం వెలుగులో గడ్డి అంచున నిప్పుకణికల్లా రెండు కళ్లు కనిపించాయి. మోటారు ఆపి, కర్రతో నెట్టుకుంటూ దగ్గరికి వెళ్లారు. కంటికీ ముక్కు కొసకూ మధ్య ఎన్ని అంగుళాలుంటే జంతువు సుమారు అన్ని అడుగుల పొడవని వేటగాళ్ల లెక్క. దీపం పట్టుకున్నతను తొమ్మిది అని గుసగుసగా చెప్పాడు. మూడు కొక్కేల గాలం జంతువు అవతల పడి, మెల్లగా లాగగానే వీపు మీద తగులుకుంది. అంతే, నీరు ఒక్కసారి చీలి, అది అడుగుకు దిగి బండరాయిలా కదలకుండా ఉండిపోయింది. తర్వాత నలభై నిమిషాలు బిగుసుకున్న తాడు, అప్పుడప్పుడు తేలే బుడగలు తప్ప ఏమీ లేవు. చివరికి పైకి వచ్చిన తలను కొలిచి చూస్తే ఏడు అంగుళాలకు మించలేదు. కొక్కెం చర్మానికి పైపైనే తగిలింది కనుక దాన్ని ఊడదీసి వదిలేశారు. అది తోక ఆడిస్తూ చీకట్లో కలిసిపోయింది.

ఇలా వదిలిపెట్టే అవకాశం ఉండటమే ఈ పద్ధతికి ఉన్న అసలు గొప్పతనమని నా అభిప్రాయం. తాడు ముందే ఉన్నందువల్ల గాయపడిన జంతువు నీటి అడుగున పోయి వృథాగా చావడం కూడా బాగా తగ్గుతుంది.

లూసియానా దీనికి పూర్తిగా భిన్నం. ఆ రాష్ట్రంలో అడవి ఎలిగేటర్లు 20 లక్షలకు పైనే ఉంటాయి. 1962లో వేటను పూర్తిగా మూసివేసి, సంఖ్య పెరిగాక 1972లో నైరుతి మూలనున్న కామెరాన్ పారిష్‌లో (కౌంటీని అక్కడ పారిష్ అంటారు) మళ్లీ తెరిచి, 1981 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించారు. చిత్తడి నేలను పూడ్చి అమ్ముకోకుండా యజమాని కాపాడుకోవాలంటే ఆ నేల నుంచి అతనికి కొంత రాబడి ఉండాలి అన్నది అక్కడి ఆలోచన. అది ఫలించింది కూడా. అందుకే అక్కడ వేట ఒక వినోదం కంటే ఎక్కువగా పంట కోత లాంటిది. తూర్పు మండలంలో ఆగస్టు చివరి బుధవారం, పశ్చిమ మండలంలో సెప్టెంబరు మొదటి బుధవారం మొదలై, ఒక్కోచోట 60 రోజులు సాగుతుంది. వేట పగటిపూటే, సూర్యోదయానికి ముందు గానీ, సూర్యాస్తమయం తర్వాత గానీ చంపకూడదు.

కాలువ ఒడ్డున వంచి పాతిన కర్ర కొసకు, నీటికి జానెడో మూరెడో ఎత్తున, పెద్ద గాలానికి గుచ్చిన కోడి ముక్క వేలాడుతూ ఉంటుంది. ఎండకు అది ఎంత మాగితే అంత మంచిదని అక్కడివారు అంటారు. ఎరను ఎంత ఎత్తున కడితే అంత పెద్దది మాత్రమే అందుకోగలదు. చిన్నవాటిని తప్పించడానికి అక్కడున్న ఉపాయం అదే. రాత్రి ఎలిగేటర్ ఎరను మింగుతుంది. ఉదయం పడవలో వచ్చి తాడు బిగిసి ఉందో లేదో చూసుకుని, లాగి, తల వెనుక చిన్న తూటాతో కాలుస్తారు. కట్టిన తాళ్లను రోజూ చూసి తీరాలన్నది నియమం.

గైడుతో వెళ్లినవారికి ఇక్కడ జంతువు దొరకడం దాదాపు ఖాయం. రెండు మూడు రోజుల సెలవే ఉన్నవారికీ, రాత్రంతా పడవలో మేలుకోలేనివారికీ, వయసు పైబడినవారికీ లూసియానా అనుకూలం. అచఫలాయా వంటి మహా చిత్తడి అడవిలో సైప్రస్ చెట్ల మధ్య తెల్లవారుజామున పడవలో వెళ్లడమే ఒక అనుభవం. కానీ నిజం చెప్పాలి: మీ పాత్ర చాలావరకు ఆఖరి కాల్పుకే పరిమితమవుతుంది. ఎక్కడ కట్టాలి, ఎంత ఎత్తున కట్టాలి అన్న తెలివంతా గైడుది. పైగా గాలం కడుపులోకి దిగినందువల్ల, వచ్చింది చిన్నదైనా వదిలే వీలుండదు. అది తెల్లవార్లూ గాలానికి తగులుకునే ఉంటుంది. ఈ విషయం నన్ను బాధిస్తుంది, అందుకే సొంతానికి ఎంచుకోమంటే నేను ఫ్లోరిడానే ఎంచుకుంటాను. అలాగని లూసియానా పద్ధతిని తప్పుపట్టను; ఆ చిత్తడి నేలలు ఇంకా నిలిచి ఉన్నాయంటే ఆ ట్యాగుల రాబడి కూడా ఒక కారణం.

హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువారికి టెక్సాస్ ఇంటి ముంగిటి అవకాశం. తీరం, తూర్పు ప్రాంతం కలిపి 22 కౌంటీలలో వేట సెప్టెంబరు 10 నుంచి 30 వరకే. అక్కడ ట్యాగ్ భూ యజమాని ద్వారా రావాలి. మిగతా కౌంటీలలో ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు, ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో, ఒక మనిషికి ఏడాదికి ఒక్క ఎలిగేటర్. పద్ధతి చాలావరకు లూసియానాను పోలినదే. తీరంలో మడుగులున్న రైతు ఎవరైనా తెలిసి ఉంటే ఇంతకన్నా సులభమైనది లేదు. తెలియకపోతే మాత్రం గైడుకు చెల్లించక తప్పదు, అప్పుడు రెండు గంటలు ఎక్కువ ప్రయాణించి లూసియానాకు వెళ్లడమే మంచిది.

అట్లాంటా, షార్లెట్ ప్రాంతాలవారు ఆలోచించవలసినవి జార్జియా, దక్షిణ కరొలైనా. జార్జియాలో 2003 నుంచి, దక్షిణ కరొలైనాలో 2008 నుంచి లాటరీ వేట ఉంది. రెండింటిలోనూ ట్యాగుకు ఒక్క జంతువే. పొడవు కనీసం 4 అడుగులు ఉండాలి. ముందు తాడు తగిలించాకే చంపాలి. జార్జియాలో ఆగస్టు మూడో శుక్రవారం నుంచి అక్టోబరు మొదటి సోమవారం వరకు, దక్షిణ కరొలైనాలో సెప్టెంబరు రెండో శనివారం నుంచి అక్టోబరు రెండో శనివారం వరకు గడువు. పేరున్న మండలాలకు పోటీ ఎక్కువ. ట్యాగ్ రాని ప్రతి ఏడాదికీ ఒక పాయింటు కూడుతుంది. కొన్నేళ్లు వరుసగా దరఖాస్తు చేస్తేనే వంతు వస్తుంది. ఈ ఏడాదే వెళ్లాలని పట్టుబట్టినవారికి ఇవి పనికిరావు. కానీ అక్కడే స్థిరపడినవారు ఈ ఏడాది నుంచే దరఖాస్తు మొదలుపెట్టి పాయింట్లు పోగుచేసుకోవాలని, మధ్యలో ఫ్లోరిడాలోనో లూసియానాలోనో అనుభవం సంపాదించుకోవాలని నా సలహా. దక్షిణ కరొలైనాలో మారియన్, మౌల్ట్రీ సరస్సుల ప్రాంతం ఎంత ఎదురుచూసినా దండగ కాదు.

మిసిసిపీ, అలబామా పేర్లు రికార్డుల వల్ల వినబడుతుంటాయి. 2014లో అలబామాలో ఒక కుటుంబం పట్టిన ఎలిగేటర్ పొడవు 15 అడుగుల 9 అంగుళాలు, బరువు 1,011 పౌండ్లకు పైనే. 2023లో మిసిసిపీ రికార్డు 14 అడుగుల 3 అంగుళాలు. కానీ అలబామా లాటరీ స్థానికులకూ, అక్కడి జీవితకాల లైసెన్సు ఉన్నవారికీ మాత్రమే. మిసిసిపీలో ప్రజా జలాల గడువు పది రోజులే. రికార్డు చూసి బయటినుంచి పరుగెత్తవలసిన చోట్లు కావివి.

మనవారు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసినది తుపాకీ చట్టం విషయంలో. హెచ్1బీ, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు లేదా పర్మిట్ ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధమే వర్తించదు. గైడు ఒక్క క్షణం చేతికి ఇచ్చినా అది దగ్గర ఉంచుకున్నట్టే కావచ్చు. కాబట్టి తాత్కాలిక వీసా ఉన్నవారు ఏ రాష్ట్రం ఎంచుకున్నా, తమ చేతిలో ఉన్న లైసెన్సు ఆ మినహాయింపుకు సరిపోతుందా అని ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగి తెలుసుకోవాలి. అప్పటివరకు ఈటె, తాడు పనికే పరిమితమై కాల్పును వేరొకరికి వదిలేయడం క్షేమం. ఈ కోణం నుంచి చూసినా, తాడు పని ఎక్కువగా ఉండే ఫ్లోరిడా, జార్జియాలే మేలు. లూసియానాలో తుపాకీని తీసేస్తే అతిథికి మిగిలే పని చాలా తక్కువ.

మాంసం తినే ఉద్దేశం ఉంటే చోటు ఎంపికలో దాన్ని కూడా చూసుకోవాలి. దక్షిణ ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి ప్రాంతపు ఎలిగేటర్లలో పాదరసం ఎక్కువగా ఉంటుందని పరీక్షలలో తేలింది. తినడానికైతే ఉత్తర, మధ్య ఫ్లోరిడా సరస్సులను ఎంచుకోవాలి. ఆ ప్రాంతాలన్నిటా వేటకాలంలో ఎండా ఉక్కా తీవ్రంగా ఉంటాయి కనుక, పడవలోనే సరిపడా మంచు లేకపోతే ఉదయానికి మాంసం చెడిపోతుంది. తోక మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది. కొవ్వును పూర్తిగా తీసేస్తే నీచు వాసన పోయి, మన మసాలా బాగా పడుతుంది. ఆరు ఏడు అడుగుల జంతువు మాంసం ముసలి మగదానికన్నా మెత్తన. తినడానికే వెళ్లేవారు పెద్దదాని వెంట పడనవసరం లేదు. చర్మాన్ని ఇండియాకు తీసుకువెళ్లాలనుకుంటే, విమానం ఎక్కే ముందే సైటిస్ అనుమతి పత్రాల సంగతి అమెరికా వన్యప్రాణి శాఖను అడిగి తెలుసుకోవాలి.

గైడును ఎంచుకునేటప్పుడు ఎన్ని అడుగులది పట్టిస్తారని అడగకండి. ట్యాగ్ ఎవరి పేరు మీద ఉంటుంది, గాయపడి తప్పించుకున్నదాన్ని ఎంతసేపు వెతుకుతారు, చిన్నది తగిలితే వదులుతారా, మాంసం ఎక్కడ కోయిస్తారు అని అడగండి. గాయపడినదాని సంగతి అడిగినప్పుడు జవాబు దాటవేసినవారికి బయానా ఇవ్వవద్దు. ఫ్లోరిడా లాటరీ మే నెలలో మొదలవుతుంది కనుక, అక్కడికి వెళ్లాలనుకుంటే ఏప్రిల్‌లోగానే ఏ సరస్సు, ఏ వారం అన్నది పడవలో వచ్చే నలుగురూ కూర్చుని రాసుకోవాలి.